గుడి వాకిట్లో బియ్యం గంప

సంతోషమ్మ దొంగ అని తేల్చుకోవడానికి సుందరరాజుకి మూడు ఆదివారాలు పట్టింది. కాదని తెలుసుకోవడానికి ఒక్క క్షణం చాలింది. తెలిశాక నోరు విప్పడానికి మాత్రం పన్నెండు రోజులు తీసుకున్నాడు. ముసలమ్మ దగ్గర అన్ని రోజులు లేవు.

యాభై ఎనిమిది జూన్‌లో అతను ఆ పేటకు వచ్చాడు. మొవ్వకి రెండు మైళ్ళ దూరంలో, వరి పొలాల మధ్య ముప్పై అయిదు ఇళ్ళు, ఒక పెంకుల చర్చి. చర్చిని అక్కడ గుడి అనే అంటారు. వారంలో ఆరు రోజులు ఆ గుడే బడి. సుందరరాజు ఆరు రోజులు పంతులు, ఏడో రోజు ఉపదేశి. పాతికేళ్ళు నిండలేదు, పెళ్ళి కాలేదు. బందరులో పుట్టి, బందరులోనే ట్రైనింగు చదివి వచ్చినవాడు. తెల్లచొక్కా మడత నలగనిచ్చేవాడు కాదు.

పాట పాడించవచ్చు, ప్రసంగం చెప్పవచ్చు కానీ, ప్రభువు బల్ల ఇచ్చే అధికారం ఉపదేశికి లేదు. ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం పాస్టరుగారి చేతి మీదుగానే అందాలి. ఆయన బందరు నుంచి నెలకోసారి, మొదటి ఆదివారం వచ్చేవారు. పేటలో ఎవరైనా తప్పు చేస్తే వాళ్ళని బల్ల నుంచి నిలిపేస్తారు. అలా నిలిపేసిన మనిషి మళ్ళీ బల్లకి నిలబడకుండానే చనిపోతే గంట కొట్టరు. శవాన్ని గుడి గడప తొక్కనివ్వరు. పాట లేకుండా, పశువుని పూడ్చినట్టు పూడ్చి వస్తారు. పేటలో చావుకి భయపడని వాళ్ళున్నారు గానీ, ఆ చావుకి భయపడని వాళ్ళు లేరు.

ఇక ఉపదేశి తిండి. అది పేట పెట్టేది. ఏ ఇంట్లోనైనా ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి, గోడకి తగిలించిన గుడ్డసంచిలో వేస్తుంది. పొయ్యి వెలిగిన ప్రతిసారీ ఒక పిడికెడు. ఆదివారం పొద్దున్న ఆ సంచి పట్టుకుని గుడికి వస్తుంది. వాకిట్లో గంప ముందు పెట్టుకుని సంతోషమ్మ కూర్చుని ఉంటుంది. సంచి అందుకుని గంపలో గుమ్మరిస్తుంది. ఆరాధన అయ్యాక ఎవరి సంచి వాళ్ళకి ఖాళీగా తిరిగి ఇస్తుంది. సంఘ పెద్ద ఆ బియ్యం కొలిచి, ఉపదేశి వాటా ఉపదేశికి ఇచ్చి, మిగతాది గుడి ఖర్చులకి తీసిపెడతాడు. ఇరవై ఏళ్ళుగా ఆవిడదే ఆ పని. మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఆ గంపే ఆవిడ పెత్తనం.

ఆదివారం పొద్దున్న అక్కడ నవ్వులే నవ్వులు.

"అదేంటే, పిడికెడు తెమ్మంటే పిచిక పిడికెడు తెచ్చావు?"

"నీ అంత చెయ్యి నాకేదమ్మా! నీది చెయ్యా, చేటా?"

"చేటే. అందుకే మీ బావ నా జోలికి రాడు."

సంతోషమ్మ బోసినోటితో నవ్వేది. సంచులు మాత్రం చకచకా గుమ్మరిస్తూనే ఉండేది.

శ్రావణంతో నాట్లు అయిపోయాయి. ఎటు చూసినా పచ్చటి వరి. దాన్ని చూసి సుందరరాజు మురిసిపోయాడు. వరి పచ్చగా ఉంటే ఊరు చల్లగా ఉన్నట్టే అనుకున్నాడు. బందరువాడు. నాట్లకీ కోతలకీ మధ్య కూలివాడికి పని ఉండదనీ, ఆ నాలుగు నెలలూ కుండలు బోర్లించి ఉంటాయనీ అతనికి ఎవరూ చెప్పలేదు. అలాంటివి ఒకళ్ళు చెప్పేవి కావు.

సెప్టెంబరులో ఒక ఆదివారం గంప వెలితిగా కనిపించింది. మరుసటి ఆదివారం తన వాటా బియ్యంలో ఊక కనిపించింది. పిడికిళ్ళ కొద్దీ ఊక! మూడో ఆదివారం పాట పాడిస్తూ పాడిస్తూ తలుపు సందులోంచి వాకిట్లోకి చూశాడు. సంతోషమ్మ చెయ్యి గంపలోకి వెళ్ళింది. బియ్యం తీసింది. ఎర్రంచు సంచిలో పోసింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ పోసింది. ఆరాధన అయ్యాక ఆ సంచి రూతు చేతికి వెళ్ళింది. రూతు దాన్ని పైట కిందికి తోసి, వెనక్కి చూడకుండా నడిచింది.

రూతు ఎవరు? సంతోషమ్మ చెల్లెలి కూతురు.

అర్థమైపోయిందనుకున్నాడు సుందరరాజు. దేవుడి బియ్యం బంధువులింటికి నడుస్తోంది. దాని బదులు నా కంచంలోకి ఊక వస్తోంది.

అక్టోబరు మొదటి ఆదివారం పాస్టరుగారు వచ్చారు. బల్ల ఇవ్వబోయే ముందు సుందరరాజు లేచి చూసిందంతా చెప్పాడు. సంఘ పెద్ద సామ్యేలు మొహం నల్లబడింది.

"ఏమ్మా రూతూ," అన్నాడు సామ్యేలు. "నీ సంచిలో ఏం తీసుకెళ్ళావు?"

రూతు నిలబడింది. కళ్ళు వెనక వరసల వైపు పరిగెత్తాయి. మగవాళ్ళ వరసలో వెనకగా కూర్చున్న ఆమె భర్త నతానియేలు తల ఎత్తాడు.

నతానియేలు సంగతి పేటంతటికీ తెలుసు. గుడివాడలో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. వైశాఖంలో బెల్టులో పడి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఇక కొడవలి పట్టే పని లేదు. చెయ్యి పోయినా పొగరు పోలేదని చెప్పుకునేవాళ్ళు. సామ్యేలు భార్య మాణిక్యమ్మ ఒకసారి గంజి పంపితే కుండతో సహా కాలవలోకి విసిరేశాడు. "ఇంకోసారి ఎవరైనా నా గుమ్మంలోకి ముష్టి పంపితే పిల్లల్ని వీపున కట్టుకుని కృష్ణలో దూకుతాను" అన్నాడు. అనడమే కాదు, దూకే రకం.

"చెప్పమ్మా," అన్నాడు సామ్యేలు మళ్ళీ.

అప్పుడు వాకిట్లోంచి సంతోషమ్మ గొంతు వినిపించింది.

"దాన్ని అడుగుతావేంటి సామ్యేలూ? తీసింది నేను. అది ఖాళీ సంచే పట్టుకెళ్ళింది. పంతులయ్య చూసింది నా సంచి."

"ఎందుకు తీశావు?" అన్నారు పాస్టరుగారు.

"చెయ్యి ఊరుకోలేదు బాబూ. ముసలితనం."

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు రొట్టె పళ్ళెం సంతోషమ్మ దగ్గర ఆగలేదు. ఆవిడ కొంగు తల మీదకి లాక్కుని, గంప గోడవారగా పెట్టి, ఇంటికి వెళ్ళిపోయింది. సుందరరాజు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తరవాత గంప దగ్గర తనే కూర్చున్నాడు. మొదటి వారం వానకి సగం పేట రాలేదు. రెండో వారం అందరూ వచ్చారు. సంచులు అందుకుంటున్నాడు, గుమ్మరిస్తున్నాడు. రూతు వంతు వచ్చింది. ఎర్రంచు సంచి చేతిలో పడింది.

సంచి నిండుగా ఉంది. బరువు లేదు.

మూతి ముడి విప్పాడు. లోపల ఊక. పైన, కనబడేందుకు, నాలుగంటే నాలుగు బియ్యపు గింజలు.

తలెత్తాడు. రూతు అతని మొహంలోకే చూస్తోంది. గుంటలు పడిన కళ్ళు. బతిమాలే ఓపిక కూడా లేని కళ్ళు. ఆమె వెనక మాణిక్యమ్మ, మాణిక్యమ్మ వెనక ఇంకో పదిమంది. వారమంతా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఖాళీ చేతులతో గుడికి వస్తే ఆ సంగతి పేటంతా తెలుస్తుంది. గంపలో గుమ్మరిస్తే ఇప్పుడే, ఇక్కడే తెలుస్తుంది.

"ఏంటి పంతులుగారూ, సంచిలో పాముందా?" అంది మాణిక్యమ్మ.

"ముడి పడిందండి," అన్నాడు సుందరరాజు. సంచి మూతి బిగించి వెనక్కి పెట్టాడు. "తరవాత విప్పుతాను. మీది ఇవ్వండి."

ఆ పూట బరువు లేని సంచులు నాలుగు వచ్చాయి. నాలుగింటికీ ముడి పడింది.

ప్రార్థన వేళ అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన చెబుతున్న మనిషి మాత్రం కళ్ళు తెరుచుకుని, గొంతు తగ్గకుండా దేవుణ్ణి స్తుతిస్తూనే, అడుగులో అడుగు వేసుకుంటూ వాకిట్లోకి నడిచాడు. ఊక తన జోలెసంచిలోకి, గంపలో బియ్యం ఆ సంచుల్లోకి. తొందరలో గింజలు నేల మీద చిందాయి. ఆమెన్ అనేసరికి మళ్ళీ తన చోట ఉన్నాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. సంతోషమ్మ ఈ పని ఎన్నేళ్ళు చేసిందో!

ఆరాధన అవగానే ఆవిడ ఇంటికి పరిగెత్తాడు. ముసలమ్మ కుక్కిమంచంలో పడి ఉంది. వారం రోజులుగా జ్వరం. దగ్గినప్పుడల్లా మంచం కిర్రుమంటోంది.

"ఎన్ని సంచులు?" అంది అతన్ని చూడగానే.

"నాలుగు మామ్మా."

"పోయిన నెల మూడే. నాలుగోది ఎవర్..." అని ఆగిపోయింది. "వద్దులే. చెప్పకు."

సుందరరాజు మంచం పట్టె పక్కన నేల మీదే కూలబడ్డాడు. తెల్ల పంచె మట్టి కొట్టుకుపోయింది. "నాకెందుకు చెప్పలేదు మామ్మా? ఒక్క మాట. చాటుగా అయినా."

"చెబితే ఏం చేసేవాడివి? ప్రార్థన చేసేవాడివి. ఒక్కొక్కళ్ళ పేరూ పెట్టి, గుడి నడిమధ్యన నిలబడి."

అతను తల దించుకున్నాడు. నిజమే. సరిగ్గా అదే చేసేవాడు.

"ఆ నతానియేలు తింటున్నది గంప బియ్యం అనుకుంటున్నాడా? మొవ్వలో పిడకలు అమ్మి తెచ్చానని చెబుతుంది ఆ పిచ్చి రూతు. తెలిసిన రోజున వాడు ఏం చేస్తాడో నాకు తెలుసు. వాణ్ణి మంత్రసానిగా బయటికి లాగింది నేనే. అప్పుడే పిడికిలి విప్పలేదు, వెధవ." నవ్వబోయి దగ్గింది. "నేను చేసిందేముందయ్యా. సంచి అందుకునేటప్పుడు ఆళ్ళ మొహం వంక చూడను. అంతే."

"మొదటి ఆదివారం పాస్టరుగారు వస్తారు. చెప్పి నిన్ను మళ్ళీ బల్లకి నిలబెడతాను."

"ఏమని చెబుతావు?"

ఆ జవాబు కోసమే పన్నెండు రోజులు తిరిగాడు. నిజం చెబితే నాలుగిళ్ళు వీధిన పడతాయి. చెప్పకపోతే ఆవిడ దొంగగానే ఉంటుంది. రోజూ పొద్దున్న బందరు వెళ్ళాలనుకునేవాడు. రోజూ బడి గంట కొట్టేవాడు. ఎలాగూ పాస్టరుగారే వస్తారుగా అని తనకు తాను చెప్పుకునేవాడు. అసలు సంగతి అది కాదు. సంఘం ముందు నిలబడి నాదే తప్పు అనడానికి నోరు రాలేదు. సాయంత్రం మాత్రం గంజి కాచి తీసుకెళ్ళి తాగించేవాడు. ఆవిడ ఒక్కసారి కూడా బల్ల మాట ఎత్తలేదు.

పన్నెండో రోజు శుక్రవారం. తెల్లవారుతూనే రూతు వచ్చి తలుపు కొట్టింది. వానలో తడిసి ముద్దయి ఉంది.

"పెద్దమ్మకి మాట పడిపోతోందండి. బల్ల, బల్ల అంటోంది. ఇంకేం అనట్లేదు."

ఆదివారానికి ఇంకా రెండు రోజులు.

సుందరరాజు చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాడు. నిడుమోలు దాకా నాలుగు మైళ్ళు, రేగడి బురద. అడుగు తీస్తే అడుగు దిగబడుతోంది. రెండుసార్లు పడ్డాడు. రోడ్డెక్కేసరికి బందరు బస్సు వెనకభాగం కనిపించింది. కేకలు వేస్తూ పరిగెత్తాడు. ఎవరూ వినలేదు. రెండో బస్సు గంటన్నరకి వచ్చింది. ఆ గంటన్నరా రోడ్డు మీద అటూ ఇటూ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు.

పాస్టరుగారు అన్నం ముందు కూర్చోబోతున్నారు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. బురదకొట్టుకుని వాకిట్లో నిలబడ్డ ఉపదేశిని చూసి కంచం పక్కకి జరిపారు. ఆ ఇళ్ళ పేర్లు తప్ప సుందరరాజు ఒక్కటీ దాచకుండా చెప్పాడు. పన్నెండు రోజుల సంగతి కూడా చెప్పాడు.

ఆయన లేచి, రొట్టె, ద్రాక్షరసం, చిన్న వెండి గిన్నె తెల్లగుడ్డలో చుట్టుకున్నారు.

"నాకు చెప్పావు, సరే. సంఘానికి ఏం చెబుతావు? ఆవిడ తనే ఒప్పుకుంది. కారణం లేకుండా నేను నిలబెడితే సామ్యేలు ఊరుకోడు. ఊరుకోకూడదు కూడా."

"నేనే తీశానని చెబుతానండి."

"అబద్ధం."

"అవునండి."

"ఉద్యోగం పోతుంది సుందరరాజూ. ఇక్కడే కాదు. ఏ మిషను బడిలోనూ నిన్ను అడుగు పెట్టనివ్వరు."

"బస్సు పోతుందండి," అన్నాడు సుందరరాజు. "పదండి."

నిడుమోలులో దిగి నడిచారు. ముసలాయన ప్రతి వంద గజాలకీ ఆగి మోకాలు పట్టుకునేవారు. సుందరరాజు ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. పేట కనబడేసరికి వాన తెరిపిచ్చింది. ఎక్కడా చప్పుడు లేదు. సంతోషమ్మ ఇంటి ముందు జనం ఉన్నారు.

రూతు ఎదురొచ్చింది. పాస్టరుగారి చేతిలోని తెల్లగుడ్డ వంక చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మధ్యాన్నమే పోయిందండి. చివరిదాకా గుమ్మం వైపే చూసింది."

సుందరరాజుకి పొద్దున్న తప్పిపోయిన బస్సు గుర్తొచ్చింది. ఆ తరవాత, తప్పిపోనిచ్చిన పన్నెండు పొద్దులూ గుర్తొచ్చాయి.

సామ్యేలు దగ్గరికి వచ్చాడు. పెద్దాయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గంట కొట్టించలేదండి. నాకు తల్లి తరవాత తల్లి. అయినా బల్ల లేని మనిషి. కట్టుబాటు కట్టుబాటే గదండీ. చీకటి పడకముందే తీసుకెళ్ళిపోదామని గొయ్యి తవ్వించాను."

పాస్టరుగారు సుందరరాజు వైపు చూశారు. బలవంతం లేదు ఆ చూపులో. వద్దంటే వద్దన్నట్టే ఉంది.

సుందరరాజు నాలుగడుగులు ముందుకి వేశాడు.

"ఆ బియ్యం తీసింది మామ్మ కాదు. నేను."

పక్కింటి కప్పు మీద కాకి అరిచింది.

"కొలవక ముందే తీసి బందరులో మా అమ్మకి పంపాను. గంప తగ్గిందని మీరు అడుగుతారని భయపడి, ఆవిడ మీదకి తోశాను. ఊక కలిపింది కూడా నేనే."

"మరి ఆవిడ ఒప్పుకుందిగా!" అంది మాణిక్యమ్మ.

"నన్ను కాయడానికి ఒప్పుకుంది. పరాయి ఊరి పిల్లాడు, ఉద్యోగం పోతుందని."

జనం నమ్మారు. నమ్మకుండా ఎలా ఉంటారు? సంతోషమ్మ అలాంటి మనిషే అని అందరికీ తెలుసు. ఒక నెలపాటు మరిచిపోయారు, అంతే. నలుగురు ఆడవాళ్ళు మాత్రం నమ్మలేదు. నలుగురూ నేల చూపులు చూస్తున్నారు. రూతు నోరు తెరిచింది. సుందరరాజు తల అడ్డంగా ఊపాడు, ఆమెకి మాత్రమే కనబడేంత. ఆమె పక్కనే ఆమె మొగుడున్నాడు.

నతానియేలు జనాన్ని తోసుకుని వచ్చాడు. మూడు వేళ్ళ చేత్తో సుందరరాజు చొక్కా పట్టుకున్నాడు. ఎడం చేత్తో చెంప మీద కొట్టాడు. ఇంకోటి కొట్టాడు.

"మా అత్తని దొంగని చేస్తావురా? ముసలిదాని నోటి ముందు బల్ల లాగేస్తావురా? ఆ బియ్యం అరిగాయా నీకు? మీ అమ్మకి అరిగాయా?"

సుందరరాజు చెయ్యి ఎత్తలేదు. పెదవి చిట్లి నెత్తురు కారింది. రూతు గోడకి తల ఆనించి ఏడ్చింది. పెద్దమ్మ కోసం ఏడుస్తోందని అనుకున్నారంతా.

"వదులు నతానియేలూ," అన్నాడు సామ్యేలు. సుందరరాజు వైపు చూడకుండా కాండ్రించి ఉమ్మాడు. తరవాత అరిచాడు. "గంట కొట్టండ్రా! నిలబడి చూస్తారేంటి? గంట కొట్టండి!"

గంట మోగింది. సంతోషమ్మను గుడిలోకి తీసుకెళ్ళారు. వంద గొంతులు పాట ఎత్తుకున్నాయి. పాస్టరుగారు తెల్లగుడ్డ విప్పలేదు. చచ్చిపోయిన వాళ్ళకి బల్ల లేదు. అది ఇక ఎవరూ ఇవ్వలేనిది. ఆయన ఆ మూటని ఆవిడ చేతుల దగ్గర కాసేపు ఉంచి, మళ్ళీ తీసుకున్నారు.

సుందరరాజు వాకిట్లోనే నిలబడ్డాడు. దొంగ గడప దాటకూడదు.

పొద్దు వాలేవేళ ఇద్దరూ నిడుమోలు దారి పట్టారు. సుందరరాజు చేతిలో ట్రంకు పెట్టె. పేటలో ఎవరూ సాగనంపలేదు. దారికి రెండు పక్కలా వరి పొట్ట మీద ఉంది.

"మీ అమ్మ పేరెందుకు వాడావు?" అన్నారు పాస్టరుగారు చాలా దూరం నడిచాక.

"ఇంకెవరి పేరూ తోచలేదండి."

"రేపో ఎల్లుండో ఆ మాట బందరు చేరుతుంది. ఆవిడకేం చెబుతావు?"

సుందరరాజు పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తండ్రి పోయాక పదేళ్ళు చర్చి ఊడ్చి తనని చదివించిన తల్లి. ఆమెకి నిజం చెప్పవచ్చు. చెబితే ఆమె ఊరుకోదు. కొడుకు దొంగ కాదని ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది. ఆ మాట నిడుమోలు దాటి పేటకు రావడానికి ఎంతసేపు!

"కోతలకి ఇంకా ఎన్నాళ్ళుంది?" అన్నారు పాస్టరుగారు.

"అయిదు ఆదివారాలండి."

"అయిదూ నేనే వస్తాను. గంప దగ్గర కూర్చుంటాను. ఆ నాలుగు సంచులూ ఏవేవో ఆనవాళ్ళు చెప్పు."

సుందరరాజు నోటిదాకా వచ్చింది. ఎర్రంచు సంచి, అతుకు వేసిన నీలం సంచి... అక్కడితో ఆగిపోయాడు.

"చెప్పనండి," అన్నాడు. "చేతిలోకి తీసుకుంటే మీకే తెలుస్తుంది."